రెండు చలికాలాలు నడిచిన మా హీట్ పంపు

ఇంటిని వెచ్చబెట్టే పాత గ్యాస్ బాయిలర్‌ను తీసివేసి, దాని స్థానంలో బయటి గాలిలోని వేడిని నీటికి అందించే హీట్ పంపును పెట్టించుకొని రెండు చలికాలాలు పూర్తయ్యాయి. మొదటి చలికాలం ముగియగానే ఈ సమీక్ష రాసి ఉంటే నేను ఈ యంత్రాన్ని ఎవరికీ సిఫారసు చేసి ఉండేదాన్ని కాను. రెండవ చలికాలం ముగిసిన తరువాత, ఆ యంత్రంలో ఒక్క మర కూడా మార్చకుండానే, ఇల్లు వెచ్చగా ఉండడమే కాక విద్యుత్ ఖర్చు కూడా గణనీయంగా తగ్గిన స్థితిలో రాస్తున్నాను. ఈ రెండు చలికాలాల మధ్య మారినది యంత్రం కాదు, దాని చుట్టూ ఉన్న అమరిక. అందుచేత ఈ సమీక్షలో యంత్రానికి ఇచ్చే చోటు కంటే దాన్ని ఎంచుకున్న పద్ధతికి, బిగించిన తీరుకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

హీట్ పంపు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని ఒక చోటి నుంచి మరొక చోటికి చేరవేస్తుంది. ఫ్రిజ్ తన లోపలి వేడిని వెనుక ఉన్న సన్నని గొట్టాల గుండా గదిలోకి వదిలినట్లే, ఇది బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. చలి గాలిలో వేడి ఎక్కడిదన్న సందేహం చాలామందికి కలుగుతుంది. గాలి 0 డిగ్రీల వద్ద ఉన్నా, అంతకంటే చల్లని రిఫ్రిజిరెంట్, అంటే యంత్రంలో తిరుగుతూ వేడిని మోసే ద్రవం, ఉన్న గొట్టాలకు అది తగిలినప్పుడు వేడి గాలి నుంచి రిఫ్రిజిరెంట్‌లోకే ప్రవహిస్తుంది. ఆ వేడికి ఆవిరైన రిఫ్రిజిరెంట్‌ను కంప్రెసర్ నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఆ వేడిని నీటికి ఇచ్చి, మళ్లీ ద్రవంగా మారి, సన్నని వాల్వు గుండా వెళ్లి చల్లబడి, అది తిరిగి మొదటి చోటికి చేరుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1852లోనే భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ ఈ పద్ధతిలో భవనాలను వేడి చేయవచ్చని ప్రతిపాదించారు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే ఆస్ట్రియాలో పీటర్ ఫాన్ రిట్టింగర్ ఉప్పు తయారీ కేంద్రంలో ఇటువంటి యంత్రాన్ని నడిపించారు. జూరిక్ నగర పాలక భవనాన్ని 1938 నుంచి నది నీటిలోని వేడితో వెచ్చబెట్టారు.

కొనేవారు తప్పక అర్థం చేసుకోవలసిన అంకె ఒకటుంది. ఒక యూనిట్ విద్యుత్తుకు ఎన్ని యూనిట్ల వేడి వస్తున్నదో చెప్పే ఆ నిష్పత్తిని సి.ఓ.పి. అంటారు. ఇది యంత్రం పుట్టుకతో తెచ్చుకునే స్థిరమైన గుణమని నేను మొదట అనుకున్నాను. కానీ అది బయటి చలికీ, మనం అడిగే నీటి వేడికీ మధ్య ఉన్న తేడాను బట్టి రోజూ, గంటగంటకూ మారుతుంది. భౌతిక శాస్త్రం విధించే గరిష్ఠ పరిమితిని లెక్క కట్టడం కష్టం కాదు. నీటి ఉష్ణోగ్రతను 273 కలిపి కెల్విన్‌లలో రాసుకొని, దాన్ని నీటికీ బయటి గాలికీ ఉన్న తేడాతో భాగించాలి. బయట 0 డిగ్రీలు ఉండి నీటిని 35 డిగ్రీలకు అడిగితే ఈ పరిమితి దాదాపు 8.8 వస్తుంది, అదే నీటిని 55 డిగ్రీలకు అడిగితే 6కు పడిపోతుంది. నిజమైన యంత్రాలు ఈ పరిమితిలో సగానికి కొంచెం అటూ ఇటూగా మాత్రమే అందుకోగలవు. అంటే ఒకే యంత్రం, ఒకే రోజు, కేవలం నీటి వేడిని 20 డిగ్రీలు పెంచినందుకు 4 యూనిట్లు ఇవ్వగలిగేది 3కు లోపే ఇస్తుంది. మొదటి చలికాలంలో మేము పోగొట్టుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది.

ఎంపిక దశలో మూడు సంస్థలను పిలిపించాము. మొదటి సంస్థ ప్రతినిధి ఇంటి వైశాల్యం అడిగి, ఒక అంకెతో గుణించి, పది నిమిషాల్లో 14 కిలోవాట్ల యంత్రం కావాలని తేల్చారు. రెండవ సంస్థవారు పాత బాయిలర్ మీదున్న రేకును చూసి, అది 24 కిలోవాట్లది కాబట్టి కనీసం 16 ఉండాలన్నారు. మూడవ సంస్థ నుంచి వచ్చిన యువతి సగం రోజు మా ఇంట్లోనే గడిపారు. ప్రతి గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచారు. కిటికీల అద్దం ఒక పొరా, రెండు పొరలా అని చూశారు. అటక పైకెక్కి అక్కడి ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) మందాన్ని స్కేలుతో కొలిచారు. వేడి నీరు ప్రవహిస్తూ గదులను వెచ్చబెట్టే పలకలైన రేడియేటర్లు పదకొండింటి కొలతలూ రాసుకున్నారు. వారం తరువాత, బయట మైనస్ 5 డిగ్రీలు ఉన్నప్పుడు ఇంటిని 20 డిగ్రీల వద్ద నిలపడానికి మొత్తం 6.8 కిలోవాట్లు చాలునని గదివారీ పట్టిక పంపారు.

మూడు అంకెల మధ్య ఇంత వ్యత్యాసం కనిపించినప్పుడు ఎవరిని నమ్మాలో తెలియక, నేనే ఒక లెక్క వేసి చూశాను. బయటి సగటు ఉష్ణోగ్రత 0 డిగ్రీల దగ్గర ఉన్న ఒక వారానికి మా గ్యాస్ మీటరు రీడింగులు నా దగ్గర ఉన్నాయి. ఆ వారం 100 ఘనపు మీటర్ల గ్యాస్ వాడాము. ఘనపు మీటరుకు సుమారు 10.5 యూనిట్ల చొప్పున 1,050 యూనిట్లు. బాయిలర్ పొగగొట్టంలో పోయిన భాగాన్ని తీసివేస్తే దాదాపు 920, స్నానాలకు వాడిన వేడి నీటిని తీసివేస్తే 860. దాన్ని వారంలోని 168 గంటలతో భాగిస్తే సగటున 5.1 కిలోవాట్లు. లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉన్నప్పుడు ఇంటి అవసరం అది. తేడా 25 డిగ్రీలైతే 6.4 కిలోవాట్లు. మూడవ సంస్థ పట్టికకు ఇది ఎంతో దగ్గరగా వచ్చింది. ఈ చిన్న లెక్కకు కావలసింది ఒక మీటరు, ఒక ఉష్ణమాపకం, ఒక వారం ఓపిక మాత్రమే. హీట్ పంపు కొనదలచిన ప్రతి ఇంటివారూ సంస్థలను పిలవకముందే దీన్ని చేసుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

పెద్ద యంత్రం తీసుకుంటే నష్టమేమిటని అడిగేవారు ఉంటారు, నేనూ అడిగాను. ఇన్వర్టర్ కంప్రెసర్ తన వేగాన్ని తగ్గించుకోగలదు గానీ, ఒక కనిష్ఠ స్థాయి కంటే కిందికి పోలేదు. బయట 10 డిగ్రీలున్న రోజున మా ఇంటికి కావలసింది 2.6 కిలోవాట్లే. కనిష్ఠంగా 5 కిలోవాట్లు ఇచ్చే పెద్ద యంత్రమైతే ఆ రోజంతా ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది. ప్రతి ఆరంభంలోనూ కొంత విద్యుత్తు వృథా అవుతుంది, కంప్రెసర్ ఆయుష్షూ తగ్గుతుంది. చలికాలంలో అతి చలి రోజులు కొన్నే. మధ్యస్థమైన రోజులే ఎక్కువ. కాబట్టి గరిష్ఠ సామర్థ్యంతో పాటు కనిష్ఠ సామర్థ్యాన్ని కూడా చూసి ఎంచుకోవాలి. మేము తీసుకున్న యంత్రం పేరులో 8 కిలోవాట్లని ఉంటుంది. అయితే పేరును నమ్మకూడదు. తయారీదారు ఇచ్చే సాంకేతిక పట్టికలో బయటి గాలి ఎంత, నీరు ఎంత అన్న జంటల వారీగా సామర్థ్యం ఉంటుంది. బయట మైనస్ 7, నీరు 45 అన్న వరుసలో మా యంత్రం ఇచ్చేది 6.9 కిలోవాట్లని, కనిష్ఠం 2.2 అని చూసుకున్న తరువాతే సంతకం పెట్టాము. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే సి.ఓ.పి. సాధారణంగా బయట 7 డిగ్రీలు, నీరు 35 డిగ్రీలు ఉన్నప్పటిది. రేడియేటర్లున్న ఇంటికి ఆ అంకె ఎంతమాత్రం చాలదు. ఏడాది పొడవునా సగటున ఎంత వస్తుందో చెప్పే ఎస్.సి.ఓ.పి.ని, అదీ 55 డిగ్రీల నీటికి ఇచ్చినదాన్ని అడిగి తెలుసుకోవాలి.

రకాల విషయానికి వస్తే, భూమిలో గొట్టాలు పాతి వేడిని తీసుకునేవి అతి చలిలో కూడా నిలకడగా పనిచేస్తాయి, ఎందుకంటే లోతున నేల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. కానీ తవ్వకానికి స్థలమూ ఖర్చూ కావాలి, మాకు ఆ రెండూ లేవు. గాలి నుంచి గాలికి వేడినిచ్చే రకం మనందరికీ తెలిసినదే. వేడినీ చల్లదనాన్నీ రెంటినీ ఇచ్చే స్ప్లిట్ ఏసీ అదే జాతికి చెందినది. ఇంట్లో ఇప్పటికే నీటి గొట్టాలూ రేడియేటర్లూ లేనివారికి అదే తేలికైన మార్గమని నా అభిప్రాయం. మాకు రేడియేటర్లు ఉన్నందున గాలి నుంచి నీటికి వేడినిచ్చే రకాన్ని తీసుకున్నాము. అందులోనూ రెండు విధాలున్నాయి. మోనోబ్లాక్‌లో రిఫ్రిజిరెంట్ చక్రమంతా బయటి పెట్టెలోనే ఫ్యాక్టరీలో మూసి వస్తుంది, ఇంట్లోకి నీటి గొట్టాలు మాత్రమే వస్తాయి. స్ప్లిట్‌లో రిఫ్రిజిరెంట్ గొట్టాలే లోపలికి వస్తాయి కాబట్టి, వాటిని నైట్రోజన్‌తో పరీక్షించి, వాక్యూమ్ చేసి, గ్యాస్ నింపగల అర్హత ఉన్న టెక్నీషియన్ తప్పనిసరి. బిగింపులో తప్పు జరిగే అవకాశాన్ని వీలైనంత తగ్గించుకోవాలనుకున్న మాకు మోనోబ్లాక్ నచ్చింది. అయితే దానిలో నీరు బయట ఉంటుంది. అతి చలిలో విద్యుత్తు పోతే అది గడ్డకట్టి యంత్రాన్ని పగలగొట్టవచ్చు. నీరు గడ్డకట్టే దశకు రాగానే దానంతటదే తెరుచుకొని నీటిని వదిలివేసే వాల్వులను మేము పెట్టించాము. నీరు గడ్డకట్టకుండా చూసే గ్లైకాల్ అనే ద్రవాన్ని కలపడం రెండవ మార్గమే గానీ, అది వేడిని మోసే శక్తిని కొంత తగ్గిస్తుంది.

రిఫ్రిజిరెంట్ విషయంలో మాకు సందేహం లేకపోయింది. చాలాకాలం వాడుకలో ఉన్న ఆర్-410ఎ వాతావరణాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే 2,088 రెట్లు వేడెక్కించగలదు. ఆర్-32కు ఆ అంకె 675. ప్రొపేన్ అని పిలిచే ఆర్-290కి 3కు మించదు. ప్రొపేన్ మండే వాయువు, గాలి కంటే బరువైనది కూడా. కారితే కిందికి దిగి గుంటల్లో నిలుస్తుంది. అందుచేత యంత్రాన్ని కిటికీలకూ, తలుపులకూ, నేలమాళిగ రంధ్రాలకూ, మురుగు కాలువ మూతలకూ తయారీదారు చెప్పినంత దూరంలో పెట్టాలి. మేము మొదట అనుకున్న చోటు పక్కనే ఒక కాలువ మూత ఉండడంతో యంత్రాన్ని ఇంటి మరొక వైపుకు మార్చవలసి వచ్చింది. ఆ మార్పు వల్ల గొట్టాల పొడవు పెరిగినా, దాన్ని సూచించిన సంస్థ మీద నా నమ్మకం కూడా పెరిగింది.

ఇక రేడియేటర్లు. ఈ విషయాన్ని పట్టించుకోకుండా హీట్ పంపు కొనడమంటే సగం వైద్యం చేయించుకోవడమే. రేడియేటర్ మీద రాసిన వాట్లు సాధారణంగా దాని సగటు నీటి వేడికీ గదికీ 50 డిగ్రీల తేడా ఉన్నప్పటివి. తేడాను 20కి తగ్గిస్తే అదే రేడియేటర్ ఇచ్చేది అందులో 30 శాతమే. 25 అయితే 40 శాతం. మా పదకొండింటిలో ఏడు పాతకాలంలో అవసరానికి మించి పెద్దవిగా పెట్టినవి కాబట్టి సరిపోయాయి. నాలుగింటిని మాత్రం రెండు లేక మూడు పలకలున్న మందపాటి రేడియేటర్లతో మార్చాము. గోడ మీద ఆక్రమించే స్థలం మారలేదు, మందం మాత్రమే పెరిగింది. ఈ మార్పుతో, బయట మైనస్ 5 ఉన్నా 42 డిగ్రీల నీటితో ఇల్లు వెచ్చగా ఉంటుందని పట్టిక చెప్పింది. నేల కింద గొట్టాలున్న ఇళ్లకు ఇంకా తక్కువ, 30 నుంచి 35 డిగ్రీలే చాలు. కొత్తగా కట్టుకునేవారు ఆ దారినే ఎంచుకోవాలి.

గొట్టాల లావు గురించి ఎవరూ ముందుగా మాట్లాడరు. బాయిలర్ నుంచి వెళ్లిన నీరు 20 డిగ్రీలు చల్లబడి తిరిగి రావడం మామూలు. హీట్ పంపులో ఆ తేడా 5 డిగ్రీల దగ్గరే ఉంచుతారు. 8 కిలోవాట్ల వేడిని మోయడానికి మొదటి పద్ధతిలో నిమిషానికి 6 లీటర్ల లోపు నీరు చాలు, రెండవ పద్ధతిలో 23 లీటర్లు కావాలి. సన్నని పాత గొట్టాలు ఇంత ప్రవాహాన్ని భరించలేవు. శబ్దమైనా వస్తుంది, పంపు అయినా అలసిపోతుంది. మా ఇంట్లో యంత్రం నుంచి మెట్ల కింది వరకు ఉన్న ప్రధాన గొట్టాలను లావు వాటితో మార్చారు. పాత నీటిలోని తుప్పు, మట్టి యంత్రంలోకి చేరకుండా గొట్టాలన్నింటినీ కడిగి, అయస్కాంతం ఉన్న వడపోతను బిగించారు. మొదటి నెల తరువాత ఆ వడపోతను తెరిచినప్పుడు బయటపడిన నల్లని బురదను చూసి, అది లేకపోతే ఏమయ్యేదో ఊహించుకున్నాను.

బిగింపు నాలుగు రోజుల్లో పూర్తయింది. కాంక్రీట్ దిమ్మె మీద రబ్బరు పాదాలు, విడిగా బ్రేకరుతో ప్రత్యేక విద్యుత్ లైను, యంత్రం పక్కనే ఆపివేసే స్విచ్చి, బయటి గొట్టాలకు మందపాటి తొడుగు, ఇవన్నీ శ్రద్ధగా చేశారు. పనివారి మర్యాదకూ, శుభ్రతకూ లోటు లేదు. అందుకే ఆ తరువాత ఎదురైన ఇబ్బంది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మొదటి చలికాలంలో ఇల్లు వెచ్చగానే ఉంది, బిల్లు మాత్రం ఊహించినంత తగ్గలేదు. వేడి మీటరును ముందే అడిగి పెట్టించుకోవడం నేను చేసిన పనుల్లో అన్నిటికంటే మేలైనది. గొట్టంలో ప్రవహించే నీటి పరిమాణాన్నీ, వెళ్లే నీటికీ తిరిగి వచ్చే నీటికీ ఉన్న తేడానూ కొలిచి, ఇంటికి చేరిన వేడిని అది యూనిట్లలో చూపుతుంది; దాని పక్కనే యంత్రం వాడిన విద్యుత్తుకు వేరే మీటరు. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే దాపరికం ఉండదు. చలికాలం మొత్తానికి నాకు వచ్చింది 2.7. విద్యుత్ యూనిట్ గ్యాస్ యూనిట్ కంటే మూడు రెట్లు ఖరీదైన చోట, 90 శాతం సామర్థ్యంతో నడిచే బాయిలర్‌కూ హీట్ పంపుకూ ఖర్చు సరిసమానం కావాలంటే కావలసింది సరిగ్గా 2.7. ఆ చోట ఇంత శ్రమా, ఇంత పెట్టుబడీ పెట్టి మొదలుపెట్టిన చోటే నిలబడ్డట్టు అవుతుంది.

కారణాలను వెతికితే మూడు తేలాయి. మొదటిది, 42 డిగ్రీలకు లెక్క కట్టిన సంస్థే, బిగించేటప్పుడు నీటి వేడిని అన్ని రోజులకూ 50 డిగ్రీల వద్ద స్థిరంగా పెట్టి వెళ్లింది. చలి వేస్తోందని ఫిర్యాదు రాకుండా ఉండాలని అలా చేస్తారట. లెక్క వేసినవారు ఒకరు, మీటలు తిప్పినవారు మరొకరు. పట్టిక రెండవవారి చేతికి చేరలేదు. రెండవది, యంత్రానికీ రేడియేటర్లకూ మధ్య వేడి నీటిని కొంత నిల్వ ఉంచడానికి పెట్టిన బఫర్ ట్యాంకు. దాని రెండవ వైపున ఉన్న పంపు మొదటిదానికంటే వేగంగా తిరగడం వల్ల, తిరిగి వచ్చిన చల్లని నీరు వేడి నీటితో ట్యాంకులోనే కలిసిపోయి, యంత్రం 50 డిగ్రీల నీటిని తయారు చేస్తుంటే రేడియేటర్లకు చేరేది 45 మాత్రమే అయింది. ఆ 5 డిగ్రీలకూ మేము డబ్బు చెల్లిస్తూనే ఉన్నాము. మూడవది నాకు ఎక్కువ కోపం తెప్పించినది. యంత్రంలో ఆపద సమయానికి ఉంచిన 3 కిలోవాట్ల విద్యుత్ హీటరు, బయట 5 డిగ్రీలకు దిగితే చాలు దానంతటదే సాయానికి వచ్చేలా అమర్చి ఉంది. హీటరు ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. అది నడుస్తున్నట్లు తెరమీద ఒక చిన్న గుర్తు తప్ప మరే సూచనా లేదు.

సంస్థకు ఫోన్ చేస్తే, ఇల్లు వెచ్చగానే ఉంది కదా అన్న సమాధానమే రెండుసార్లు వచ్చింది. చివరకు మీటరు రీడింగులన్నింటినీ తేదీలతో రాసి, వారే పంపిన గదివారీ పట్టికను జతచేసి పంపాను. అప్పుడు మొదట కొలతలు తీసుకున్న యువతే వచ్చారు. మధ్యాహ్నం వరకు కూర్చొని హీటరును ఆపద సమయానికి మాత్రమే పరిమితం చేశారు. బఫర్ ట్యాంకును తిరిగి వచ్చే గొట్టం వైపుకు, వరుసలో, రెండవ పంపు అవసరం లేకుండా మార్పించారు. బయటి చలిని బట్టి నీటి వేడిని యంత్రమే నిర్ణయించుకునే వెదర్ కాంపెన్సేషన్‌ను ఆన్ చేశారు. ఇప్పుడు బయట 10 డిగ్రీలుంటే 30 డిగ్రీల నీరు, 0 అయితే 38, మైనస్ 5 అయితే 42. గది థర్మోస్టాట్లు ఆపుతూ, తెరుస్తూ ఉండే ఆట కూడా చాలావరకు ముగిసింది. ఈ మార్పులకు రుసుము తీసుకోలేదు, అది న్యాయమే. రెండవ చలికాలానికి వచ్చిన సగటు 3.8.

ఇంట్లోవాళ్ల అలవాటు మారడానికి కొంత కాలం పట్టింది. బాయిలర్ రోజుల్లో రేడియేటర్‌ను తాకితే చేయి చురుక్కుమనేది. ఇప్పుడు తాకితే గోరువెచ్చగా ఉంటుంది. అది చూసి మా అత్తగారు మొదటి నెలంతా యంత్రం పాడైందనే అనుకున్నారు. గది ఉష్ణమాపకం 20 చూపుతున్నా, చేతికి తగిలే వేడినే ఆవిడ నమ్మారు. రాత్రి ఆపి ఉదయం వేసే పద్ధతి కూడా దీనికి పనికిరాదు. చల్లబడిన ఇంటిని ఒక్కసారిగా వేడెక్కించాలంటే నీటి వేడిని పెంచవలసి వస్తుంది, అక్కడే లాభం పోతుంది. రాత్రి ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి, రోజంతా మెల్లగా నడవనిస్తే ఇల్లంతా ఒకే రకమైన వెచ్చదనం పరుచుకుంటుంది. ఏ గదిలోనూ గాలి ఎండిపోయినట్లు ఉండదు. ఈ సౌఖ్యాన్ని ఏ పట్టికా ముందుగా చెప్పలేదు.

స్నానాల నీటికి కొత్త ట్యాంకు తప్పలేదు. పాత ట్యాంకు లోపలి చుట్టగొట్టం చిన్నది. తక్కువ వేడి నీటితో త్వరగా వేడెక్కాలంటే చుట్టగొట్టం వైశాల్యం చాలా పెద్దదిగా ఉండాలి. మేము నీటిని 48 డిగ్రీలకు వేడి చేస్తాము. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది కాబట్టి వారానికి ఒకసారి 60 డిగ్రీలకు తీసుకువెళ్లే అమరిక పెట్టుకున్నాము. నీరు వేడెక్కే ముప్పావు గంట సేపు రేడియేటర్లకు వేడి ఆగుతుంది. ఆ తేడా గదుల్లో తెలియదు.

శబ్దం గురించి భయపడ్డంత లేదు, అయితే అది చోటును ఎంచుకోవడం వల్ల. కాగితం మీద రాసే శబ్ద శక్తి వేరు, మన చెవికి చేరే శబ్ద పీడనం వేరు. ఒక సంస్థ ఒకటి చెప్పి, మరొక సంస్థ మరొకటి చెప్తే ఆ రెంటినీ పోల్చకూడదు. నేల మీద తెరిపిన ఉన్న యంత్రం శబ్ద శక్తి 58 డెసిబెల్స్ అయితే, మీటరు దూరంలో దాదాపు 50 వినిపిస్తుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. వెనుక గోడ ఉంటే 3 పెరుగుతుంది, రెండు గోడల మూలలో పెడితే మరో 3. పొరుగువారి పడకగది కిటికీని లెక్కలోకి తీసుకోకుండా మూలలో ఇరికించడం తగదు.

గాలి తడిగా ఉండి, ఉష్ణోగ్రత 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు యంత్రం రేకుల మీద మంచు పేరుకుంటుంది. అప్పుడది కొన్ని నిమిషాల పాటు దిశ మార్చుకొని, ఇంటి నీటిలోని వేడినే తీసుకొని ఆ మంచును కరిగిస్తుంది. ఆ సమయంలో ఫ్యాను ఆగి, చివరిలో తెల్లని ఆవిరి మేఘం లేస్తుంది. తెలియనివారు పొగ అనుకొని కంగారుపడతారు. కరిగిన నీరు లీటర్ల కొద్దీ వస్తుంది. ఇక్కడ బిగింపులో మరొక లోపం బయటపడింది. ఆ నీటిని సన్నని ప్లాస్టిక్ గొట్టంతో నడకదారి అంచుకు వదిలారు. తెల్లవారేసరికి గొట్టం గడ్డకట్టి, నీరు దారి మీదికి పొర్లి, అద్దంలాంటి మంచు పలక ఏర్పడింది. ఎవరూ జారిపడలేదు గానీ పడి ఉండవచ్చు. యంత్రం కింద గుంట తీసి గులకరాళ్లు నింపించిన తరువాత, నీరు నేరుగా నేలలోకే ఇంకిపోతున్నది. ఇది మొదటి రోజే చేయవలసిన పని.

కంట్రోలర్ మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు. బయటి చలిని బట్టి నీటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించే వక్రరేఖను మార్చడానికి ఏడు తెరల లోతుకు వెళ్లాలి, అక్కడి పదాలు టెక్నీషియన్‌కు తప్ప ఇంటివారికి అర్థం కావు. ఇంటివారే రోజూ చూసుకోవలసిన అమరికను సంకేతపదం వెనుక దాచడం తయారీదారు చేసిన తప్పని నా అభిప్రాయం. యంత్రం మీద నాకున్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే. నిర్వహణ తేలికే. ఆకులూ దుమ్మూ రేకుల మధ్య చేరకుండా చూడడం, వడపోతను శుభ్రం చేయించడం, ఏడాదికొకసారి నీటి పీడనాన్నీ, విద్యుత్ బిగింపులనూ పరీక్ష చేయించడం సరిపోతుంది.

గోడలకూ పైకప్పుకూ ఇన్సులేషన్ లేక, కిటికీల సందుల్లోంచి గాలి వీస్తున్న ఇంట్లో ఉన్నవారు ముందు ఆ సందులను మూయించుకోవాలి. అలా చేస్తే కావలసిన యంత్రమే చిన్నదవుతుంది. సంస్థను ఎంచుకునేటప్పుడు మాత్రం ప్రతి గదికీ లెక్క రాసి ఇస్తారా, అతి చలి రోజున నీటిని ఎన్ని డిగ్రీలకు పంపాలని లెక్క కట్టారు, ఆ అంకెనే కంట్రోలర్‌లో పెట్టి చూపిస్తారా అని అడగండి. మూడవ ప్రశ్నకు తడబడని సంస్థ దొరికితే, యంత్రం ఏ పేరుదైనా నేను పెద్దగా పట్టించుకోను.

ఈ చలికాలంలో వక్రరేఖను వారానికొక డిగ్రీ చొప్పున ఇంకా తగ్గిస్తూ వచ్చాను. మూడవ వారంలో ఉత్తరం వైపు గది 19 దగ్గరే ఆగిపోయింది, మిగిలిన గదులన్నీ 20కి పైనే ఉన్నాయి. ఒక డిగ్రీ వెనక్కి పెంచి అక్కడ ఆపాను. ఇల్లంతటికీ నీటి వేడిని నిర్ణయిస్తున్నది ఆ ఒక్క గదే కాబట్టి, వచ్చే చలికాలానికి ముందు అక్కడి రేడియేటర్‌ను మూడు పలకలదానితో మార్పించబోతున్నాము.